అస్తూరియాస్ పియానో మీద: మొదటి పేజీ దాటాక ఏం చేయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. పియానో గ్రేడ్ 7 అయిపోయింది. ఆరు నెలల్లో కాలేజీ ఫెస్ట్‌లో స్పెయిన్ సంగీతకారుడు అల్బెనిజ్ రాసిన అస్తూరియాస్ వాయించాలి. మొదటి పేజీ స్పీడ్‌గా వచ్చేసింది. పెద్ద కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మీదకి దూకే చోట చేతులు తప్పుతున్నాయి, కుడి ముంజేయి పట్టేస్తోంది. మధ్యలో నెమ్మదిగా సాగే భాగం బోర్ కొడుతోంది కాబట్టి దాన్ని కత్తిరించేస్తే పోదా అని ఒక ఆలోచన. వీటన్నిటి మీద, ‘ఇది గిటార్ పీస్ కదా, పియానో మీద నకలులా ఉంటుంది’ అని స్నేహితులు అన్నారని దిగులు.

నేను పాతికేళ్లకు పైగా పియానో నేర్పుతున్నాను. ఈ పీస్ నేర్పమని వచ్చేవాళ్లు చాలామంది మీలాగే మొదటి పేజీ వాయించుకుంటూనే వస్తారు. ఆ పేజీ వినడానికి భయంకరంగా, వాయించడానికి తేలిగ్గా ఉంటుంది. మధ్య భాగం కాగితం మీద చూస్తే ఏమీ లేనట్టుంటుంది, వాయించబోతే తెలుస్తుంది దాని సంగతి. అందుకే ముందే చెప్పేస్తున్నాను, అది మాత్రం కత్తిరించొద్దు. ఎందుకో ఆ చోటు వచ్చినప్పుడు చెప్తాను. ముందు మీ స్నేహితులకి సమాధానం చెప్పాలి.

ఇది పియానో కోసమే పుట్టింది. ఇసాక్ అల్బెనిజ్ 1860లో కాటలోనియాలో, ఫ్రాన్స్ సరిహద్దుకి దగ్గరున్న కాంప్రొదోన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చిన్నప్పటి నుంచే కచేరీలు చేసిన పియానిస్టు. గిటార్ కోసమని ఆయన ఒక్క పీస్ కూడా రాయలేదు. 1892లో బార్సిలోనాలో ‘షాన్ దెస్పాన్’, అంటే స్పెయిన్ పాటలు, అనే పియానో సంపుటి అచ్చయింది. అందులో మొదటి పీస్ ఇదే. అప్పుడు దాని పేరు వట్టి ‘ప్రెలూడ్’.

మరి అస్తూరియాస్ అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చింది? అంతకు కొన్నేళ్ల ముందు, 1886 ప్రాంతంలో, అల్బెనిజ్ ‘సూట్ ఎస్పాన్యోలా’ అని ఎనిమిది పీసుల సంపుటి తలపెట్టాడు. ఒక్కోదానికి ఒక ఊరి పేరో, ప్రాంతం పేరో. గ్రనాడా, కాటలోనియా, సెవిల్లా, క్యూబా పూర్తి చేశాడు (క్యూబా అప్పటికి స్పెయిన్ పాలనలోనే ఉంది). మిగతా నాలుగూ పేర్లుగానే ఉండిపోయాయి. 1909లో ఆయన చనిపోయాక హోఫ్‌మైస్టర్ అనే జర్మన్ ప్రచురణ సంస్థ ఆ ఖాళీల్లో ఆయనవే వేరే పీసులు తెచ్చి పెట్టి, 1911లో మొత్తం ఎనిమిదీ ఉన్నాయనిపించింది. ఆ సర్దుబాటులో మన ప్రెలూడ్ వెళ్లి అస్తూరియాస్ కుర్చీలో కూర్చుంది. ‘లెయెండా’, అంటే పురాగాథ, అన్న తోక కూడా ప్రచురణకర్తలు తగిలించిందే.

అస్తూరియాస్ స్పెయిన్‌కి ఉత్తరాన ఉంటుంది. వానలు, పచ్చటి కొండలు, బొగ్గు గనులు, ఆపిల్ సైడర్. అక్కడి జానపద వాద్యం గైతా, సంచి ఊదే బ్యాగ్‌పైప్ లాంటిది. ఈ పీస్‌లో వినిపించేదంతా దేశానికి ఆ చివర, దక్షిణాన ఉన్న అందాలూసియా సంగీతం, ఫ్లమెంకో గిటారూ గొంతూ. ‘ఇంటిపేరు కస్తూరివారు’ సామెత గుర్తొస్తుంది నాకు, ఇక్కడ వాసన మంచిదే అనుకోండి. దీన్ని ఎందుకింత చెప్తున్నానంటే, పేరు చూసి కొండలూ మంచూ ఊహించుకుని పెడల్ తొక్కి పట్టి వాయించేవాళ్లని చూశాను. అలా చేస్తే మొదటి పేజీ అంతా మసకబారిపోతుంది. అన్నట్టు, నోట్స్ కొనేటప్పుడు ఒక పుస్తకం మీద ఓపస్ (రచన సంఖ్య) 47 అనీ, ఇంకోదాని మీద ఓపస్ 232 అనీ కనిపిస్తుంది. కంగారు పడకండి, రెండూ ఇదే పీస్. అల్బెనిజ్ ఓపస్ నంబర్లకీ రచనాకాలానికీ పెద్దగా సంబంధం లేదు.

ఇక గిటార్ సంగతి. పియానో మీద ఇది జి మైనర్ అనే స్కేల్‌లో ఉంటుంది. గిటారిస్టులు దీన్ని ఎక్కువగా ఇ మైనర్‌లోకి దించి వాయిస్తారు. అలా దించగానే ఈ పీస్‌లో పదేపదే మోగే స్వరం (పియానోలో అది డి) గిటార్ రెండో తీగ మీదకి వచ్చి పడుతుంది. వేలితో నొక్కక్కర్లేదు, ఖాళీ తీగని మీటితే చాలు. కింది తీగల మీద బొటనవేలు పాట నడిపిస్తుంటే, మిగతా వేళ్లు ఆ ఖాళీ తీగని మీటుతూ ఉంటాయి. అంత సుఖంగా అమరిపోయింది కాబట్టే, ఆంద్రెస్ సెగోవియా లాంటి వాళ్ల కచేరీల్లో విన్న లోకం దీన్ని గిటార్ సొత్తు అనుకుంది. నిజానికి అల్బెనిజ్ తన పియానో దగ్గర కూర్చుని ఊహించుకున్న గిటార్ ఇది. తర్వాత అసలు గిటార్ వచ్చి ఆ ఊహని తనలోకి తర్జుమా చేసుకుంది. ఈ మాట మీ స్నేహితులకి చెప్పండి.

ఇందులో మీకు పనికొచ్చే విషయం కూడా ఒకటుంది. గిటార్ వర్షన్లలో మొదటి పేజీ కొన్ని బార్లు (తాళపు ఆవర్తనాలు) గడిచాక ట్రిప్లెట్స్‌లోకి, అంటే మూడేసి స్వరాల గుంపుల్లోకి, మారడం వినుంటారు. ఒక్కో పాట స్వరానికి ఖాళీ తీగ రెండుసార్లు మోగుతుంది. పియానో మూలంలో అది లేదు. పాట స్వరం ఒకటి, డి ఒకటి, మళ్లీ పాట, మళ్లీ డి, అంతే. యూట్యూబ్ గిటార్ చెవిలో పెట్టుకుని పియానో దగ్గర కూర్చుంటే, మీకు తెలియకుండానే ఆ మూడో దెబ్బ కోసం చెయ్యి పరుగు తీస్తుంది. మీ కుడిచేయి పట్టేయడానికి ఇది కూడా ఒక కారణమై ఉండొచ్చు. ఒక నెల గిటార్ వినడం ఆపి చూడండి.

ఇప్పుడు స్వరాల గురించి. ఇంట్లో ఎవరైనా కర్ణాటక సంగీతం పాడితే ఈ ముక్క వాళ్లకి వినిపించండి. కీ సిగ్నేచర్ జి మైనర్ అని ఉన్నా, ఆగకుండా మోగే డి వల్ల చెవి దాన్నే షడ్జంగా పట్టుకుంటుంది. డి ని ‘స’ అనుకుని మీ స్కేల్‌లోని స్వరాలు వరసగా వాయించండి. శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. ఎనిమిదో మేళకర్త హనుమతోడి స్వరస్థానాలు సరిగ్గా ఇవే. పాశ్చాత్యులు దీన్ని ఫ్రీజియన్ అంటారు. ఫ్లమెంకోలో గాంధారం ఊగిసలాడుతుంది, ఒకసారి చిన్నది, ఇంకోసారి పెద్దది. పెద్ద గాంధారం వేసి చూస్తే వకుళాభరణం స్వరాలొస్తాయి. స్వరస్థానాలు కలిసినంత మాత్రాన రాగం కలిసినట్టు కాదని మీకు తెలిసే ఉంటుంది. తోడిలో ప్రాణమంతా గమకంలో ఉంటుంది, పియానో కీ ఊగదు. ఈ పోలిక వల్ల ఒరిగేది ఒక్కటే. డి నుంచి పైనున్న ఇ ఫ్లాట్‌కి ఉన్న ఆ అర స్వరం దూరంలోనే ఈ పీస్‌లోని బరువంతా ఉందని మన చెవికి త్వరగా పట్టుబడుతుంది. ఆ రెండు స్వరాలు ఎక్కడ పక్కపక్కన వచ్చినా తొందరపడి దాటేయకండి.

లయ గురించి రెండు ముక్కలు. ఈ మొదటి భాగం వెనక బులేరియా అనే ఫ్లమెంకో నృత్యం ఊపు ఉందని చెప్తారు. బులేరియా పన్నెండు దెబ్బల చక్రం. తకిట తకిట తక తక తక అని చప్పట్లు కొట్టి చూడండి, మూడు మూడు రెండు రెండు రెండు. అల్బెనిజ్ రాసింది మాత్రం మామూలు 3/4 బార్లే, కాబట్టి ఆ యాక్సెంట్లు తెచ్చి ఇందులో రుద్దకండి. నేల మీద మడమ కొట్టే నర్తకి మీ వెనకాల ఉందనుకుంటే చాలు. స్టకాటో, అంటే తెంచి కొట్టే స్వరం, ఎంత పొడిగా ఉండాలో అప్పుడు తెలుస్తుంది.

స్పీడ్ విషయానికొస్తే, పైన రాసిన మాట చదవండి. అల్లెగ్రో మా నాన్ ట్రొప్పో. వేగంగా, కానీ మరీ ఎక్కువ వద్దు అని. మెట్రోనోమ్ 126 దగ్గర వాయిస్తే సెకనుకి ఎనిమిదికి పైగా స్వరాలు పడతాయి, వినేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. కానీ అవి రెండు చేతులు పంచుకున్నవి. ఒక్కో చేతికి సెకనుకి నాలుగు చిల్లర, గ్రేడ్ 7 చేతికి అదేమంత పని కాదు. మొదటి పేజీ తేలికని నేనన్నది ఇందుకే. నేనైతే 108 దగ్గర మొదలుపెట్టి, 120 దాటకుండా ఆపేస్తాను. అంతకంటే పైకి వెళ్తే స్వరాలు వినిపిస్తాయి గానీ పాట వినిపించదు.

పాట ఉన్నది ఎడమచేతిలో. డి ఉన్నది కుడిచేతిలో. చాలామంది రెండూ ఒకే బలంతో కొడతారు, అప్పుడది కుట్టుమిషన్ చప్పుడులా ఉంటుంది. రెండు రోజులు ఎడమచేయి ఒక్కటే వాయించండి, కూనిరాగం తీస్తూ. తర్వాత కుడిచేయి కలపండి, కానీ ఎడమచేతికి నీడలా. కుడిచేతి వేలు కీ నుంచి పైకి లేవక్కర్లేదు, కీ మీదే ఉండి కొద్దిగా కదిలితే చాలు. ఒకే వేలితో వాయించాలా, వేళ్లు మార్చాలా అని అడుగుతారు. నేను మూడో వేలూ రెండో వేలూ మార్చి మార్చి వాడతాను. ఒకే వేలు వాడినా నేరం లేదు, మణికట్టు బిగుసుకోనంతవరకు. రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పడిపోయే చోట, ఒక చేయి కీబోర్డు లోపలికి, మూత వైపుకి జరిగి ఉండాలి. ఏది లోపల, ఏది బయట అన్నది మీ చేతుల సైజు చూసి ఒకసారి నిర్ణయించుకోండి. ఆ తర్వాత రోజుకోలా మార్చకండి.

ముంజేయి నొప్పి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నొప్పి అంటే అలవాటు పడితే పోయేది అనుకుంటారు మనవాళ్లు. పోదు. పట్టేస్తోందంటే కండరం రెండు దెబ్బల మధ్య వదులు కావట్లేదని అర్థం. నాలుగు బార్లు వాయించి, చేతులు తొడల మీద పెట్టి, రెండు ఊపిరులు తీసి, మళ్లీ నాలుగు బార్లు. ఇలా వారం. పది నిమిషాలకు మించి ఈ పేజీ వరసగా వాయించొద్దు, మధ్యలో ఇంకేదైనా వాయించుకోండి. కుర్చీ ఎత్తు కూడా చూసుకోండి. మోచేయి కీబోర్డు కంటే కిందికి దిగిపోతే ఎంత జాగ్రత్తపడినా మణికట్టు వంగుతుంది. ఇన్ని చేసినా రెండు వారాల్లో తగ్గకపోతే, లేదా వేళ్లు తిమ్మిరెక్కితే, వాయించడం ఆపి డాక్టర్‌కి చూపించండి. ఫెస్ట్ వచ్చే ఏడాది కూడా వస్తుంది.

మీ కీబోర్డు ఏదో రాయలేదు. అది కూడా తేడా తెస్తుంది. గ్రాండ్ పియానోలో కీ పూర్తిగా పైకి రాకముందే మళ్లీ కొట్టొచ్చు. 1821లో ఎరార్ అనే పియానో తయారీ సంస్థ లండన్‌లో పేటెంట్ చేసిన డబుల్ ఎస్కేప్‌మెంట్ ఏర్పాటు వల్ల అది సాధ్యమైంది. అప్‌రైట్‌లో కీని దాదాపు పూర్తిగా పైకి రానివ్వాలి, లేదంటే స్వరం మింగేస్తుంది. డిజిటల్ పియానో అయితే సెన్సర్లు మూడున్న మోడల్‌లో ఈ రిపీట్ బాగా వస్తుంది, రెండే ఉన్నదాంట్లో కొంచెం కష్టం. ఇంట్లో ఒకటి, వేదిక మీద ఇంకొకటి అయితే కనీసం వారం ముందే ఆ వేదిక పియానో మీద వాయించి చూసుకోవాలి.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. చాలా ఏళ్ల క్రితం విశాఖపట్నంలో ఒక హాల్లో సాయంత్రం కార్యక్రమం. జులై నెల, గాలి తడిగుడ్డలా ఉంది. అక్కడున్నది పాత అప్‌రైట్. మధ్యాహ్నం కూర్చుని స్కేల్స్ వాయించాను, బాగానే ఉందనిపించింది. సముద్రపు తేమకి కీల సందుల్లో ఉండే ఉన్ని గుడ్డ ఉబ్బుతుందనీ, అప్పుడు కీ కిందికి వెళ్తుంది గానీ తీరిగ్గా పైకొస్తుందనీ నాకు తెలుసు. కానీ స్కేల్‌లో ఒక్కో కీ ఒక్కసారే కదా తగిలేది! సాయంత్రం అస్తూరియాస్ మొదలుపెట్టాను. మిడిల్ సి పక్కనున్న డి మీదే ఈ పీస్ బతుకంతా. మొదటి పేజీలోనే వందసార్లకు పైగా కొట్టాలి. పదో బారు దగ్గర అది కిందికి వెళ్లి అక్కడే కూర్చుంది. కుడిచేయి చప్పుడు లేని చెక్కని కొడుతోంది, ఎడమచేయి ఒంటరిగా పాట పాడుతోంది. ఆపి, వేలితో కీని పైకి లాగి, మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ కూర్చుంది. చివరికి చేసేదేమీ లేక నేరుగా మధ్య భాగంలోకి వెళ్లిపోయాను, అక్కడ డి ని అంతసేపు బాదక్కర్లేదు కాబట్టి. ఆ రోజు హాలు సద్దుమణిగింది ఆ భాగంలోనే. తర్వాత ఒక పెద్దావిడ వచ్చి ‘మొదట్లో ఏదో రిపేరు చేస్తున్నారనుకున్నాను బాబూ, తర్వాత బాగుంది’ అన్నారు. ఇప్పటికీ ఏ కొత్త పియానో దగ్గర కూర్చున్నా ముందు ఆ డి ని ముప్పైసార్లు కొట్టి చూస్తాను.

దూకుళ్ల దగ్గరికి వద్దాం. సుమారు ఇరవై నాలుగు బార్ల పాటు మెల్లగా పెరుగుతూ వచ్చిన చప్పుడు ఒక్కసారిగా ఫోర్టిసిమోగా, అంటే చాలా గట్టిగా, పగులుతుంది. రెండు చేతులూ చెరోవైపుకి దూకి పెద్ద కార్డ్ కొట్టి, వెంటనే మధ్యకి తిరిగొచ్చి డి ఆటలో పడాలి. గిటారిస్టు అన్ని తీగల మీదుగా గోళ్లతో ఒక్క విసురు విసిరే రస్గేయాదో అన్నమాట. గిటారిస్టుకది ఒక అరచేయి దూరం, మనకి కీబోర్డు సగం దూరం. మీరు తప్పుతున్నది కార్డ్ మీదకి వెళ్లేటప్పుడనుకుంటున్నారేమో, ఒకసారి ఫోన్‌లో వీడియో తీసుకుని చూడండి. నేను చూసినంతలో ఎక్కువమంది తప్పేది వెనక్కి వచ్చేటప్పుడు. కార్డ్ తగిలిన సంతోషంలో చేయి అక్కడే ఒక క్షణం ఆగిపోతుంది, తర్వాత హడావుడిగా వచ్చి పక్క కీ మీద పడుతుంది.

కాబట్టి కార్డ్‌నీ, దాని తర్వాతి ఒక్క స్వరాన్నీ మాత్రమే తీసుకోండి. కార్డ్ కొట్టండి. ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా మధ్యకి వచ్చి, ఆ స్వరం కీ మీద వేలు పెట్టి, వాయించకుండా ఆగండి. సరైన కీ మీదే ఉందా అని చూసుకోండి. అప్పుడు వాయించండి. చేయి వేగంగా, స్వరం నిదానంగా. ఇది విసుగు పుట్టించే పనే. కానీ మూడు రోజులు చేస్తే దూరం చేతికి గుర్తుండిపోతుంది, కళ్లతో పని తగ్గుతుంది. ఎలాగూ కళ్లు రెండు చేతుల్నీ ఒకేసారి చూడలేవు. నేను ఎడమచేతిని చూస్తాను, బాస్ తప్పితే కార్డ్ మొత్తం తప్పినట్టే వినిపిస్తుంది కాబట్టి. కుడిచేతిలో ఒక స్వరం జారినా జనం క్షమిస్తారు. పెడల్ కార్డ్ మీద ఒక్క తొక్కు తొక్కి, చేయి మధ్యకి రాగానే వదిలేయాలి. ఇంకోటి, ఫోర్టిసిమో అంటే బలమంతా భుజం నుంచి రావాలి. ముంజేయితో కొడితే మీ నొప్పి రెట్టింపవుతుంది.

ఇక మీరు కత్తిరిద్దామనుకున్న భాగం. వేగం తగ్గుతుంది, గిటార్ ఆగిపోతుంది, ఒక గొంతు మొదలవుతుంది. రెండు చేతులూ ఒకే పాటని రెండు ఆక్టేవుల (స్థాయిల) ఎడంతో వాయిస్తాయి, కింద తాళం లేదు, కార్డ్స్ లేవు. కాగితం మీద మూడో గ్రేడ్ పిల్లలు కూడా చదవగలిగినన్ని స్వరాలే ఉంటాయి. ఇది కాంతె హోందో, అందాలూసియా జిప్సీల లోతైన పాట. గాయకుడు కోప్లా అనే చిన్న పద్యం ఎత్తుకుని ఒక్కో పాదాన్ని సాగదీసి, చివర్లో స్వరాల్ని విదిలిస్తాడు. మన పౌరాణిక నాటకాల్లో పద్యం అయిపోయాక రాగం తీయడం విన్నారా? హార్మోనియం ఆగి ఎదురుచూస్తూ ఉంటుంది, నటుడు ఊపిరి ఉన్నంతసేపు లాగుతాడు, ‘వన్స్‌మోర్’ అనే లోపు హార్మోనియం అందుకుంటుంది. ఇక్కడా సరిగ్గా అదే ఏర్పాటు. గొంతు ఒక పాదం పాడుతుంది, గిటార్ కార్డ్స్‌తో జవాబిస్తుంది, మళ్లీ గొంతు. మీకు బోర్ కొడుతోందంటే ఈ రెండు పాత్రల్నీ మీరు ఒకే గొంతుతో వాయిస్తున్నారని నా అనుమానం.

ముందు దీన్ని పాడండి. నిజంగా, నోరు తెరిచి. గొంతు బాగోలేకపోతే తలుపేసుకుని పాడండి. ఊపిరి ఎక్కడ తీసుకున్నారో పెన్సిల్‌తో నోట్స్ మీద గుర్తు పెట్టండి, పియానో మీద అక్కడ చేతులు పైకి లేపండి. చిన్న అలంకార స్వరాలు వస్తాయి కదా, వాటిని టైపు కొట్టినట్టు కొట్టకండి, గొంతు జారినట్టుండాలి. గమకం పియానోలో రాదు, దానికి దగ్గరగా తీసుకెళ్లగలిగేది ఈ జారుడే. రెండు చేతుల్లో పై చేయి కొంచెం ఎక్కువగా వినిపించాలి, కింది చేయి దూరంగా ఎవరో తోడు పాడుతున్నట్టు. మౌనాలు వచ్చిన చోట పూర్తిగా ఉండండి. వేదిక మీద రెండు సెకన్ల మౌనం మీకు రెండు నిమిషాల్లా అనిపిస్తుంది, టెన్షన్‌తో తర్వాతి స్వరం ముందే కొట్టేస్తారు. ఇంట్లో రికార్డ్ చేసుకుని వింటే, మీరు చాలా ఎక్కువ ఆగాననుకున్న చోట కూడా తక్కువే ఆగారని తెలుస్తుంది.

ఈ భాగం తీసేస్తే మీ చేతిలో మిగిలేది ఒకే పేజీ రెండుసార్లు. మధ్య భాగం తర్వాత మొదటి భాగం మళ్లీ వస్తుంది కదా, అది మొదటిసారి విన్నప్పటిలా రెండోసారి వినపడకూడదు. మధ్యలో ఆ గొంతు విన్నాక వస్తే, మెల్లగా మోగే అదే డి ఇప్పుడు వేరేలా తగులుతుంది. నేను విశాఖలో ఒకటి పోగొట్టుకుని రెండోదాని విలువ తెలుసుకున్నాను, మీకు ఆ ఖర్చు అవసరం లేదు.

ముగింపు చిన్నదే, కానీ దాన్ని నిర్లక్ష్యం చేస్తారు. పరుగంతా ఆగాక నెమ్మదిగా, గుళ్లో గొంతులు కలిసి పాడినట్టు కొన్ని కార్డ్స్ వస్తాయి. నాలుగు స్వరాలూ ఒకేసారి, ఒకే మెత్తదనంతో పడాలి. ఎడమ పెడల్ వాడుకోండి. చివరి స్వరం ఆరిపోయేదాకా చేతులు కీల మీదే ఉంచండి. కాలేజీ ఫెస్ట్‌లో ఎవరో ఒకరు ఈలోపే ఈలేస్తారు, వేయనివ్వండి.

వినడానికి ఎవరిని? మొదట పియానిస్టు అలీసియా దె లరోచా. 1923లో బార్సిలోనాలో పుట్టిన మనిషి, ఎత్తు ఐదడుగులు కూడా లేదు, చేతులు చిన్నవి. అల్బెనిజ్ సంగీతానికి ఆవిడ చేసిన రికార్డింగులు ఇప్పటికీ కొలబద్ద. చేతులు చిన్నవని ఈ దూకుళ్లకి భయపడేవాళ్లందరికీ నేను ఆవిడనే చూపిస్తాను. అల్బెనిజ్ సొంత వాయింపు కూడా 1903 నాటి మైనపు సిలిండర్ల మీద కొంచెం మిగిలింది. ఈ పీస్ కాదు, అప్పటికప్పుడు అల్లుకున్నవి మూడు. గరగర మధ్యలోంచి వినాలి, అయినా వినండి. గొంతు కోసం ఆంతోనియో చాకోన్ పాడిన మలగేన్యాలు (ఒక రకం ఫ్లమెంకో పాటలు) వెతకండి. అల్బెనిజ్ కాలపు గాయకుడే. రెండు విన్నాక మధ్య భాగం దగ్గరికి మళ్లీ వెళ్లండి.

దీని తర్వాత ఏం వాయించాలని కూడా చివర్లో అడిగారు. ఇబేరియా అని మాత్రం అనకండి అప్పుడే. 1905 నుంచి 1908 దాకా, ఆరోగ్యం పాడైపోతున్న రోజుల్లో అల్బెనిజ్ రాసిన పన్నెండు పీసులవి. వాటి ముందు అస్తూరియాస్ పిల్లల ఆట. వాటిల్లో లవాపియెస్ అనే దాని నోట్స్ ఒకసారి తెరిచి చూడండి, సరదాకి. ఒక చేతి వేళ్ల మధ్యలోంచి ఇంకో చేయి దూరాల్సినంత ఇరుకు. స్పెయిన్‌కే చెందిన ఫాయా 1919లో పియానిస్టు రూబిన్‌స్టైన్ కోసం రాసిన ఫాంతసియా బేతికా కూడా ఆ కోవలోదే. ప్రస్తుతానికి సూట్ ఎస్పాన్యోలాలోని ‘గ్రనాడా’ తీసుకోండి. ఎడమచేయి పాడుతుంది, కుడిచేయి కార్డ్స్‌ని గిటార్ మీటినట్టు విరజిమ్ముతుంది, దూకుళ్లు లేవు. ముంజేయికి కూడా విశ్రాంతి.

నెల తర్వాత ఒక రికార్డింగ్ ఇక్కడ పెట్టండి, విని చెప్తాను. మొదటి పేజీ వద్దు, మధ్య భాగం ఒక్కటే పెట్టండి.